మిగెల్ దిగిపోయాడు, నేనూ దిగిపోతున్నా

1996 సెప్టెంబర్. ఉత్తర స్పెయిన్‌లో నవార్రా ప్రాంతం, అక్కడ విల్లావా అని చిన్న ఊరు, సైక్లింగ్ వీరుడు మిగెల్ ఇందురాయిన్ పుట్టింది ఇక్కడే. ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి సీసాల్లో పెట్టుకునే సీజన్. ఆ ఊళ్ళో ఒక మొగుడూ పెళ్ళాం: ఆవిడ వంటింట్లో, ఆయన సోఫాలో టీవీ ముందు.

ఆవిడ: ఏమయ్యా, ఇంకా రెండు బుట్టల కాయలున్నాయి, వచ్చి తొక్కలు తియ్యి.

ఆయన: ఉండవే, ఇక్కడ కొంప మునిగింది! మిగెల్ మన స్పెయిన్ రేసు వుఎల్టాలో సైకిల్ దిగేశాడట, కోవడోంగా కొండ ఎక్కకముందే రోడ్డు పక్కన హోటల్ దగ్గర బ్రేకేసి లోపలికెళ్ళిపోయాడట!

ఆవిడ: అలిసిపోయుంటాడు పాపం.

ఆయన: అలుపా, ఆయనకా? రెస్ట్‌లో గుండె నిమిషానికి 28 సార్లే కొట్టుకుంటుంది తెలుసా?

ఆవిడ: నీది ఇంకా తక్కువే ఉంటుంది, మధ్యాహ్నం నుంచి కదిలితేగా.

ఆయన: శక్తి దాచుకుంటున్నానే. మిగెల్ పద్ధతే అది, కొండల మీద ఎవడెంత ఎగిరినా కంగారుపడడు, ఒక్కొక్కడే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ రోజు వచ్చిందా ఒక్కసారే బాదేస్తాడు, 92 టూర్ డి ఫ్రాన్స్‌లో లక్సెంబర్గ్ దగ్గర 65 కిలోమీటర్లకి రెండోవాడు 3 నిమిషాలు వెనక!

ఆవిడ: నువ్వు దాచుకోవడం 30 ఏళ్ళుగా చూస్తున్నా, నీ టైమ్ ట్రయల్ రోజే రావట్లేదు. లక్సెంబర్గ్ అంటే నాకు మన ఇంకో సైక్లిస్ట్ డెల్గాడో గుర్తొస్తాడు, 88లో టూర్ గెలిచి, 89లో అక్కడ మొదటి రోజే స్టార్టింగ్‌కి 2 నిమిషాల 40 సెకన్లు లేటు. నువ్వు ఆయన బాపతు, మన పెళ్ళికి నన్ను చర్చిలో అరగంట నిలబెట్టావు.

ఆయన: 91 నుంచి 95 దాకా వరసగా 5 టూర్‌లు! ఇటలీ రేసు జిరో 2 సార్లు! పోయిన నెల అట్లాంటాలో ఒలింపిక్ గోల్డ్!

ఆవిడ: మరి మన వుఎల్టా ఎన్ని?

ఆయన: ...91లో సెకండ్ వచ్చాడుగా.

ఆవిడ: ఇంట గెలవకుండానే రచ్చ గెలిచాడన్నమాట. నువ్వు రెండూ గెలవలేదు. జూలైలో టూర్ మన పక్కనే పాంప్లోనా దాకా వస్తే, ఆయన 8 నిమిషాలకి పైగా వెనకపడితే, రోడ్డు మీద నిలబడి ఏడ్చావు.

ఆయన: ఏడవలేదు, ఎండకి కళ్ళు మండాయి.

ఆవిడ: అయినా ఈ రేసుకి రావడం ఆయనకి ఇష్టమే లేదు, టీమ్ వాళ్ళు పట్టుబట్టి దింపారు. ఇష్టంలేని చాకిరీ ఎన్నాళ్ళు చేస్తాడు? చూస్తుండు, మొత్తానికే మానేస్తాడు.

(ఆవిడ నోటి మహిమ, 1997 జనవరి 2న నిజంగానే రిటైర్ అయిపోయాడు.)

ఆయన: మానేస్తే మానెయ్యనీ, సగంలో వదిలెయ్యడం ఏంటే? అడిగేవాడు లేడనా?

ఆవిడ: ఆయన తప్పేం లేదులే. (ఏప్రన్ విప్పి ఆయన ఒళ్ళో పడేసి, సోఫాలో కూర్చుంది.)

ఆయన: ఏంటిది?

ఆవిడ: హోటల్ కనపడింది.

ఆయన: మరి ఆ రెండు బుట్టలు?

ఆవిడ: కోవడోంగా.

(పది నిమిషాల తర్వాత వంటింట్లోంచి, వేళ్ళు ఊదుకుంటూ)

ఆయన: ఒసేయ్, కనీసం సౌండ్ పెంచు, మిగెల్ ఏం చెప్తున్నాడో వినాలి!

ఆవిడ: ఎందుకు, ఆయన ఎప్పుడు నోరు విప్పాడు గనక?