గుద్దు బలం అరికాల్లో ఉంది

మా మేనల్లుడు మొన్నామధ్య ఐదేసి కిలోల డంబెల్స్ జత కొన్నాడు. విశాఖ మద్దిలపాలెంలో వాళ్ల ఫ్లాట్ హాల్లో, అద్దం ముందు నిలబడి, రెండు చేతులా వాటిని పట్టుకుని గాల్లోకి గుద్దేవాడు. పదిహేను రోజులకి భుజం పట్టేసింది. "మావయ్యా, పంచ్‌లో పవర్ రావాలంటే జిమ్‌లో చేరాల్సిందేనేమో" అన్నాడు. జిమ్ సంగతి తర్వాత, ముందు వాటిని కింద పెట్టరా అన్నాను.

డంబెల్ బరువు నేలవైపు లాగుతుంది. గుద్దు ముందుకి వెళ్తుంది. వాడు అన్నాళ్లూ భుజానికి మోత నేర్పాడు గానీ విసురు నేర్పలేదు. పైగా చేతిలో బరువుంటే చెయ్యి నెమ్మదిస్తుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్సే ఇది: ద్రవ్యరాశి రెట్టింపైతే గతిశక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. సామాను అమ్మేవాళ్లకి ఈ లెక్క గిట్టదు. వేగాన్ని పెట్టెలో పెట్టి అమ్మలేరు కదా.

1985లో అచ్చయిన ఒక సోవియట్ పరిశోధన ఉంది. బాక్సర్ల గుద్దుల్ని కొలిచారు. మేటి బాక్సర్ల గుద్దులో కాలి తోపుడు వాటా దాదాపు 38 శాతం, నడుము తిప్పుడు వాటా 37 శాతం. చేతిది 24 శాతమే. కింది స్థాయి వాళ్లలో కాలి వాటా 16 శాతం చిల్లరకి పడిపోయింది. కాలు చెయ్యాల్సిన పని చెయ్యి నెత్తినేసుకుంటోందన్నమాట. మా వాడి భుజం పట్టేసిందంటే పట్టెయ్యదా మరి!

ఇదంతా చదవనక్కర్లేదు. తెల్లారగట్ల జాలారిపేట ఒడ్డుకి వెళ్లి పెద్దవల లాగేవాళ్లని పది నిమిషాలు చూస్తే చాలు. మడమ ఇసుకలో దిగబడుతుంది. మోకాలు కాస్త వంగుతుంది. ఒళ్లంతా వెనక్కి వాలుతుంది. చేతులు తాడుని పట్టుకుని ఉంటాయంతే, లాగేది కాళ్లూ నడుమూ. 'హైలెస్సా' అన్నప్పుడే అందరూ ఒక్కసారి బిగుస్తారు, అనగానే సడలుతారు. ఆ సడలడం ఉంది చూశారూ, అసలు విద్య అక్కడుంది. మొదట్నుంచీ బిగపట్టిన చెయ్యి బ్రేకు మీద కాలుంచి బండి తోలినట్టు కదులుతుంది. వదులుగా బయల్దేరి, తగిలే క్షణంలో పిడికిలి బిగించాలి. తడి తువ్వాలు ఆరేసే ముందు ఝాడిస్తాం కదా, మణికట్టు వదులుగా ఉంటేనే చివర 'ఫట్' మంటుంది. రోజూ బాల్కనీలో చేస్తున్న పనే.

కాబట్టి ఇంట్లో కావాల్సింది నేల. వెనక కాలి మునివేళ్ల మీద తిరుగుతూ, మడమ లేపి, తుంటిని ముందుకి తిప్పుతూ ఉత్త చేతులతో గుద్దడం, ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా. మన బస్కీలే, కాకపోతే లేచేటప్పుడు ఎగరాలి. మన దండీలే, కాకపోతే పైకొచ్చేటప్పుడు అరచేతులు నేల వదలాలి. ఇవి లెక్కకి వందలు చేసేవి కావు. ఐదారు చేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ అంతే విసురుతో చెయ్యాలి, అలిసిపోయి చేస్తే నెమ్మదితనమే అలవాటవుతుంది. పాత గోనెసంచిలో నాలుగైదు కిలోల ఇసుక పోసి మూతి కుట్టేస్తే, బీచ్‌లో నడుము తిప్పి విసరడానికి అంతకంటే మంచి సాధనం లేదు. గోడల్ని గుద్దడం మాత్రం సినిమా హీరోలకి వదిలెయ్యండి. చిటికెనవేలి వెనకున్న అరచేతి ఎముక విరిగితే దానికి డాక్టర్లు పెట్టుకున్న పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్.

వేలాడదీసి గుద్దే బ్యాగ్ లేకపోతే దెబ్బ తగిలినప్పుడు మణికట్టు ఎలా నిలబడాలో తెలీదు, తప్పు దిద్దే కోచ్ కావాలి అంటారు. రింగులోకి దిగేవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. ఆ విద్యకి ఈ ఊళ్లో లోటేమీ లేదు. 2008 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చిన నగిశెట్టి ఉషది విశాఖే. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ ఇక్కడి సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలో కోచ్ ఐ.వి.రావు దగ్గర నేర్చుకుంది. అయితే కోచ్ దగ్గరికి వెళ్లేలోపు కాళ్లూ నడుమూ సిద్ధం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్కర్లేదు అన్నానా? అక్కడే పప్పులో కాలేశాను. నేల ఉచితం అనుకుంటాం గానీ ఈ ఊళ్లో ఇప్పుడు దొరకనిది అదే. మూడో అంతస్తులో ఎగిరితే రెండో అంతస్తు నుంచి ఫోన్ వస్తుంది. మా వాడు చదివే ఇంటర్ కాలేజీ నాలుగంతస్తుల బిల్డింగు, మైదానం బ్రోచర్లో ఉంది. పొద్దున్న ఆరు నుంచి స్టడీ అవర్. బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు విగ్రహం ముందు సెల్ఫీలు దిగుతాం. వీరఘట్టంలో పుట్టి ఇండియన్ హెర్క్యులెస్ అనిపించుకున్న ఆయన విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పాడు. అలాంటి తాలింఖానాలకి, అంటే పాతకాలపు వ్యాయామశాలలకి, కావాల్సింది కాస్త మట్టి నేల, ఒక గురువు. విగ్రహానికి చోటు దొరికింది, తాలింఖానాకి దొరకలేదు. ఒకప్పుడు వీధివీధికీ ఉన్నదాన్ని ఇప్పుడు నెలకింతని కట్టి, ఏసీలో, మెషీన్ మీద కూర్చుని కొనుక్కుంటున్నాం. కూర్చుని! కాలి తోపుడు కోసం వెళ్లి కుర్చీలో కూర్చోవడం ఏమిటో.

చివరికి మా వాడికి మిగిలింది టెర్రస్. దానికి తాళం. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర. ఎక్సర్‌సైజ్ కోసం అని అడిగితే, స్లాబు దెబ్బతింటుంది, ఇవ్వం అన్నారు. మరి ఎవరికిస్తారండీ అని మా అక్క అడిగింది. వడియాలు పెట్టుకునేవాళ్లకి ఇస్తారట. ఇప్పుడు మా వాడు రోజూ పొద్దున్నే ఒక ఖాళీ పళ్లెం పట్టుకుని పైకెళ్తున్నాడు.