విల్లింగ్ బిట్ సంగతి వదిలేశారు

డేటా సెంటర్‌లో స్విచ్, సర్వర్ తమ నెట్‌వర్క్ అమరికలను కుదుర్చుకునే డీసీబీఎక్స్ ప్రోటోకాల్ గురించి ‘స్విచ్ చెబుతుంది, సర్వర్ వింటుంది’ అని మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో తేల్చేశారు. డీసీబీఎక్స్ అంత సూటిగా నడవదండీ. ఎల్‌ఎల్‌డీపీ (పక్క పరికరానికి తమ వివరాలు చెప్పే ప్రోటోకాల్) సందేశాల్లో రెండు వైపులూ తమ అమరికలను చెప్పుకుంటాయి. ఎదుటి మాట వినడానికి సిద్ధమని తెలిపేది విల్లింగ్ బిట్. మామూలుగా సర్వర్ కార్డులో అది 1, స్విచ్‌లో 0. రెండూ 1 అయితే, పెళ్లిచూపుల్లో ‘మీ ఇష్టమే మా ఇష్టం’ అని ఇద్దరూ కూర్చున్నట్టే! అప్పుడు పీఎఫ్‌సీ (రద్దీలో ప్యాకెట్లు రాలిపోకుండా ఒక్కో ప్రాధాన్యపు ట్రాఫిక్‌ను విడిగా కాసేపు ఆపే ఏర్పాటు) విషయంలో మ్యాక్ అడ్రస్ (పోర్టు హార్డ్‌వేర్ చిరునామా) చిన్నదైన వైపు అమరికే చెల్లుతుంది. రెండూ 0 అయితే ఎవరిది వారిదే. మాకు జరిగింది ఇదే. స్టోరేజీ ట్రాఫిక్‌కు ఒకవైపు 3వ ప్రాధాన్యం, మరోవైపు 4. లింకు దీపం పచ్చగానే ఉంది, ప్యాకెట్లు మాత్రం రాలిపోతున్నాయి. మేము రెండు రోజులు కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాం.