విషపు పుకారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పుకారు గారికి,

మీరు క్షేమమేనని వేరే అడగనక్కరలేదు. నోటి నుంచి నోటికి పాకేవారికి ముసలితనం ఉండదు.

“లోకంలోకెల్లా ఘోరమైన విషం సాలీడులా కనిపించే పొడుగుకాళ్ల పురుగు హార్వెస్ట్‌మన్‌దే. కాకపోతే కోరలు పొట్టివి, మన చర్మంలో దిగవు” అని తమరు సెలవిస్తుంటారు. ఏమి తెలివండీ! కాటే పడదన్నారు కనుక ఎవరూ చావకపోవడం కూడా తమ ఖాతాలోకే జమ.

చిన్న చిక్కుంది. దానికి విషగ్రంథులే లేవు. కోరలూ లేవు, బుల్లి పటకారులున్నాయి. పట్టుదారం తీయలేదు కనుక గూడు అల్లదు. అసలది సాలీడే కాదు. సాలీడుకు సన్నని నడుముంటుంది. దీని ఒళ్లంతా ఒకే గింజ. సాలీడు తిండిని కరిగించి జుర్రుకుంటుంది, ఇదేమో ముక్కలు తుంచుకుని మింగుతుంది. ఆంగ్లంలో దీన్ని పిలిచే డాడీ లాంగ్‌లెగ్స్ అన్న పేరే మూలల్లో వేలాడే ఒక సాలీడుకూ ఉంది. విషం ఉన్నది దానికి, అదీ మనకు ప్రమాదం కాదు. తమరు ఎవరి మీద నింద వేస్తున్నారో ముందు తేల్చుకుంటే బాగుండేది.

మొన్న తడిగోడ మీద హార్వెస్ట్‌మన్ ఒకటి కనబడింది. ఒక్కొక్క కాలినే నోట్లోకి లాక్కుని, మొదలు నుంచి కొసదాకా నిదానంగా తుడుచుకుంటోంది. రెండో జత కాళ్లు అన్నిటికన్నా పొడుగు. చీకట్లో కర్రతో దారి తడుముకునే మనిషిలా వాటితో గోడను తాకి చూస్తోంది. లెక్కపెట్టాను, ఏడే కాళ్లు. ఎనిమిదోది ఏ శత్రువుకో వదిలేసి ఉంటుంది. తెగిన కాలు కొంతసేపు కొట్టుకుంటూ శత్రువును ఏమారుస్తుంది, ఈలోగా అసలు మనిషి జారుకుంటాడు. (మనిషి అనేశాను, పోనివ్వండి.) ఆ కాలు మళ్లీ మొలవదు.

స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో 40 కోట్ల ఏళ్లు దాటిన వీటి శిలాజాలు దొరికాయి. అప్పటికే ఇంచుమించు ఇదే ఆకారం. నేడు 6,500కు పైగా జాతులున్నాయి. 1833లో సుండెవాల్ అనే స్వీడన్ జంతుశాస్త్రవేత్త ఈ వర్గానికి ఓపిలియోనిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఓపిలియో అంటే గొర్రెలకాపరి. ఇంత వంశచరిత్రలో తమకు నచ్చింది లేని కోర ఒక్కటేనా?

రసాయనమే కావాలంటే ఒకటుంది. ఒంటికి రెండు పక్కలా గ్రంథులు, బెదిరితే వాటి నుంచి ఘాటైన కంపు. దాన్ని ప్రచారం చేసుకోండి, కనీసం నిజమవుతుంది.

ఇట్లు,
దాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని, రెండుసార్లు చేయి కడుక్కున్న ఒకడు