నోరులేని జీవమట!

“పాపం, నోరులేని జీవం. దాన్నేమీ అనకండి” అని ఎవరైనా అంటే నాకు ఈమధ్య ఒళ్లు మండిపోతోంది. ఆ మాట మొదట పుట్టించినాయన ఇంట్లో కచ్చితంగా కుక్క లేదు. చేపలు పెంచుకుని ఉంటాడు. మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. వాటికున్నదే నోరు. మిగతా కాళ్లూ, చెవులూ, తోకా అన్నీ ఆ నోటిని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్లడానికి ఏర్పడ్డ సరంజామా.

ముందు వీళ్లెవరో చెప్పాలి. పెద్దవాడు టైగర్. ఆరేళ్లు, లాబ్రడార్, ముప్పై రెండు కిలోలు. పేరు మా అమ్మాయి పెట్టింది, వాడి ధైర్యం చూసి పెట్టింది కాదు. మిక్సీ తిరిగితే చాలు, మంచం కిందికి దూరతాడు. ఆ మంచం కింద వాడి ముందు సగమే పడుతుంది. వెనక సగం హాల్లోనే ఉంటుంది. అయినా తానెవరికీ కనబడటం లేదనే వాడి నమ్మకం. చిన్నది బుజ్జి. పది నెలలు. రోడ్డు పక్కన దొరికింది. ఏ జాతి అని అడిగినవాళ్లకి “అన్నీ” అని చెప్తుంటాం.

బుజ్జి వచ్చిన కొత్తలో కనబడిందల్లా కొరుకుతుంటే డాక్టరుగారు నవ్వి, “కుక్కపిల్లకి 28 పాలపళ్లుంటాయండీ. నాలుగో నెలనుంచి అవి రాలిపోయి 42 పళ్లొస్తాయి. చిగుళ్లు సలుపుతుంటాయి కదా, అందుకని కొరుకుతుంది. ఏడు నెలలొస్తే అదే తగ్గిపోతుంది” అన్నారు. ఏడు నెలలొచ్చాయి. 42 పళ్లూ వచ్చాయి, కావాలంటే మా సోఫా కాలు మీద అచ్చులు లెక్కపెట్టుకోవచ్చు. సలుపు తగ్గింది. కొరకడం మాత్రం అలవాటుగా మిగిలిపోయింది, చదువైపోయినా హాస్టల్ ఖాళీ చెయ్యని కుర్రాడిలా.

కుక్క కాటుకి చెప్పు దెబ్బ అంటారు. మా ఇంట్లో చెప్పుకే కుక్క కాటు. అదీ ఎడమకాలి చెప్పుకే. ఎందుకో నాకు తెలీదు, అడిగితే చెప్పదు. ఇప్పుడు మా ఇంట్లో నలుగురికీ కలిపి ఏడు కుడికాలి చెప్పులున్నాయి, దేనికీ జోడు లేదు. జతకి జత తినేస్తే మనసు రాయి చేసుకుని పారేస్తాం. ఒకటి మిగిల్చితే ఆశ చావదు, అదే దాని దుర్మార్గం. “మీ చెమట వాసనంటే దానికి ఇష్టం, మీరు ఇంట్లో లేనప్పుడు అది దానికి తోడు, అంటే ప్రేమ అన్నమాట” అని ఒక స్నేహితుడు వివరించాడు. వాడింట్లో కుక్క లేదు. బూట్లు రెండూ ఉన్నాయి.

సరే, తినకూడనిది తినడం ఒక కళ అనుకుంటే, తినాల్సింది తినకపోవడం ఇంకో కళ. పోయిన నెల టైగర్‌కి చెవి చీము పట్టి, పది రోజులు పూటకో మాత్ర వేయాలన్నారు. ప్లాస్టిక్ కవరుతో సహా బ్రెడ్డు మింగిన వాడికి మాత్ర ఎంతలే అనుకున్నాను. మొదటిరోజు బ్రెడ్డు ముక్కలో పెట్టి ఇచ్చాను. నమలకుండా గుటుక్కున మింగాడు. మూతి నాక్కున్నాడు. నా వంక కృతజ్ఞతగా చూశాడు. నేను తల నిమిరి, “మా నాన్నే” అన్నాను. వాడు నెమ్మదిగా లేచి, తలుపు మూలకి వెళ్లి, కాస్త వంగి, మాత్రని నేలమీద పెట్టాడు. ఉమ్మడం కాదండీ, పెట్టాడు. దాని మీద చిన్న బ్రెడ్డు పొడి కూడా లేదు. కడిగి ఆరబెట్టినట్టుంది.

రెండోరోజు బ్రెడ్డులో వెన్న పూసి పెట్టాను. వెన్న పోయింది, బ్రెడ్డు పోయింది, మాత్ర మిగిలింది. మూడోరోజు దవడ తెరిచి నాలుక వెనక వేసి, నోరు మూసి, గొంతు నిమిరాను. అరనిమిషం నా కళ్లలోకే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి తీశాక తుమ్మాడు. మాత్ర నా చొక్కా జేబు మీద అతుక్కుంది. చివరికి మా అమ్మాయి ఉపాయం చెప్పింది. మాత్ర పెట్టిన ముక్కని టైగర్‌కి చూపించకుండా, “బుజ్జీ, ఇది నీకేనే” అంటూ దాని వైపు చాచాలి. అంతే. ముప్పై రెండు కిలోల బరువు గాల్లో తేలుతూ వచ్చి ఆ ముక్కని మధ్యలోనే అందుకుంది. ఏముందో చూసుకునే తీరికేది? ఎదుటివాడి వాటా కదా! మిగతా వారం రోజులూ అలాగే గడిచింది. అసూయకి మించిన అనుపానం లేదు.

ఇక మాట్లాడే నోటి సంగతి. బుజ్జికి కాలింగ్ బెల్ మీద పగ. మాది “టింగ్ టాంగ్” అనే బెల్లు. టీవీలో ఎక్కడో “ట్రింగ్” మన్నా ఇది తలుపు దగ్గరకి పరిగెత్తి అరుస్తుంది. ఎవరూ రాలేదని తేలాక, తానే తరిమేసినట్టు ఛాతీ విరుచుకుని వస్తుంది. నా ఆన్‌లైన్ మీటింగులు సగం మ్యూట్‌లోనే. ఒకసారి మ్యూట్ చెయ్యడం మరిచిపోయి, “నోర్ముయ్యి, పొద్దున్నుంచీ చూస్తున్నా, బుర్ర తినేస్తున్నావ్” అన్నాను. అప్పుడు మాట్లాడుతున్నది మా మేనేజరు. ఆయన నిజంగానే ఆపేశారు. ఆరోజు మీటింగు పావుగంట ముందే అయిపోయింది, అందుకు తోటివాళ్లు నాకు విడివిడిగా ధన్యవాదాలు చెప్పుకున్నారు. బుజ్జికి చెప్పాల్సినవి.

అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ ఉండేది. జాన్ పిల్లీ అని రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పించారు. 2011లో దాని మీద పరిశోధన పత్రమే వచ్చింది. ఆ కథ చదివి నేనూ ఒక ఆదివారం టైగర్ ముందు బంతి, తాడు, రబ్బరు ఎముక పెట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత వాడు నేర్చుకున్నదేమిటంటే, నా కుడి జేబులో బిస్కెట్లుంటాయని. వాడికి పది మాటలొచ్చు. తొమ్మిది తిండివి. పదోది “వద్దు”, అది వినబడదు. అదే మూడు గదుల అవతల నేను చప్పుడు చెయ్యకుండా బిస్కెట్ పొట్లం చింపితే మాత్రం, మొదటి బిస్కెట్ నా నోటిదాకా వచ్చేలోపు మోకాలి మీద చొంగ పడుతుంది. “వాకింగ్” అన్నమాట మా ఇంట్లో నిషేధం. మొదట “వా” అనుకునేవాళ్లం. అది పట్టేశారు. తర్వాత “సాయంకాలపు కార్యక్రమం” అన్నాం. ఇప్పుడు అమ్మ “సాయంకాలం ఎవరో వస్తామన్నారు” అన్నా గొలుసు నోట కరుచుకుని గుమ్మంలో నిలబడుతున్నారు.

(వాకింగ్ అన్నాను కాబట్టి నోటికి అవతలి చివర గురించీ ఒక్క ముక్క. వానలో గొడుగు పట్టుకుని నేను నిలబడి ఉంటే, వాడు తిరిగిన చోటే తిరుగుతాడు, ఇంకా ముహూర్తం కుదరనట్టు. 2013లో చెక్, జర్మనీ పరిశోధకులు 37 జాతుల 70 కుక్కల్ని రెండేళ్లు గమనించి, భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్నప్పుడు అవి ఉత్తర దక్షిణాలుగా నిలబడి కానిస్తాయని తేల్చారు. ఆ మరుసటేడాది దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) కూడా ఇచ్చారు. నాకు దిక్కులతో పేచీ లేదు. ఉత్తరం నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది కదా, రోజూ కొత్తగా వెతకడం ఎందుకని?)

ఇప్పుడు అసలు తగువుకి వస్తాను. ఆమధ్య ఒక సాయంత్రం మా ఆవిడా నేనూ బయటినుంచి వచ్చి తలుపు తీస్తే హాలంతా దూది. దిండు చచ్చిపడి ఉంది. ఆ దూది మధ్యలో టైగర్. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. తోక కాళ్ల మధ్యకి పోయింది. తల పక్కకి తిప్పుకుని, కళ్లలో తెల్లగుడ్డు కనబడేలా మమ్మల్ని ఓరగా చూస్తున్నాడు. ముందు కాలొకటి కొంచెం లేపి పట్టుకున్నాడు.

“చూశారా, చేసిన పని వాడికే తెలుసు, ఎలా ముడుచుకుపోయాడో” అంది మా ఆవిడ. ఇంకేముంది, విచారణ అయిపోయింది. రాత్రి బిస్కెట్ రద్దు. ఆ తీర్పు నడుస్తున్నంతసేపూ బుజ్జి సోఫా మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. మూతి పక్కన చిటికెడు దూది, ఊపిరికి పైకీ కిందకీ ఊగుతోంది. దానివైపు ఎవరూ చూడలేదు.

దొంగ మొహం చూసి దొంగని పట్టేయగలమనే ఈ ధీమా మీద నాకు మంట. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లోనే దీని గుట్టు విప్పారు. 14 కుక్కలు. యజమాని తన కుక్కకి “తినకు” అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతాడు. తిరిగొచ్చాక, కుక్క తినేసిందని కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తినేసిందంటే యజమాని తిడతాడు. తేలిందేంటంటే, ఆ తప్పు చేసిన మొహానికీ తప్పు చెయ్యడానికీ సంబంధం లేదు. తిడితే ఆ మొహం వస్తుంది. పైగా ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్నవే ఇంకా ఎక్కువ ముడుచుకున్నాయి. అంటే టైగర్ ఒప్పుకోలేదు, భయపడ్డాడు. ఇదంతా నేను భోజనాల దగ్గర ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. మా ఆవిడ శ్రద్ధగా విని, “మరి నేను గొంతు పెంచితే మీరు పెట్టే మొహమో?” అంది. నేను ఫోను పక్కన పెట్టి అన్నం తినేశాను.

అమ్మ మాత్రం నా పక్షం. కాదు, టైగర్ పక్షం. ఆరేళ్ల కిందట “కుక్క ఈ గడప లోపలికొస్తే నేను గడప బయటికి పోతా” అన్నది ఈవిడే. ఇప్పుడు వాణ్ని “నాన్నా” అంటుంది, నన్ను “ఒరేయ్” అంటుంది. “నోరులేని జీవం, ఏం చెప్పుకుంటాడ్రా వాడు” అని ఆ రాత్రి రద్దయిన బిస్కెట్లు రెండు, వడ్డీతో కలిపి నాలుగు, కొంగుచాటున ఇచ్చింది. మేం చూడలేదనే ఆవిడ నమ్మకం. మంచం కింద సగం దూరిన వాడి నమ్మకం లాంటిదే.

అయితే టైగర్ మరీ అంత అమాయకుడేం కాదని ఇంకో రాత్రి తెలిసింది. తిండి ఉన్నచోట వెలుతురుంటే కుక్కలు కాస్త తటపటాయిస్తాయి, చీకటైతే ధైర్యంగా కాజేస్తాయి. దీని మీదా ప్రయోగాలు చేశారు. లైట్లార్పి పడుకున్న గంటకి వంటింట్లో డబ్బా పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ఎండుద్రాక్ష డబ్బా నేలమీద ఖాళీగా ఉంది, చెరోపక్కా చెరొకరు. దించినవాడు టైగరే, బుజ్జికి ఆ ఎత్తు అందదు. ఎవరు తిన్నారన్నది తెలీదు. ఇక్కడ నవ్వులాట లేదు. ద్రాక్ష, పచ్చిదైనా ఎండుదైనా, కుక్క కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు. ఏ కుక్కకి ఎంత తింటే ముప్పో ముందే చెప్పలేరు. చాక్లెట్లో థియోబ్రోమిన్, ఉల్లిపాయ, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ముల్లో తీపికోసం వేసే జైలిటాల్, అన్నీ ప్రమాదమే. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అర్ధరాత్రే రెండింటినీ కార్లో వేసుకుని పరిగెత్తాం. మా అమ్మాయి దారంతా ఏడుస్తూనే ఉంది. నా చేతులూ వణికాయి, అబద్ధమెందుకు.

తొందరగా తెచ్చారు కాబట్టి కక్కిస్తే సరిపోతుందన్నారు డాక్టరుగారు. ఎవరు తిన్నారని అడిగితే మేం ముగ్గురం ఒకేసారి టైగర్‌ని చూపించాం, ఎందుకంటే వాడు అప్పటికే ఆ మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అయినా మంచిదని రెండింటికీ ఇంజక్షన్ చేశారు. బుజ్జి నోట్లోంచి ద్రాక్షలొచ్చాయి, పద్నాలుగు, లెక్కపెట్టారు. టైగర్ నోట్లోంచి ఒక్క ద్రాక్ష కూడా రాలేదు. చాలాసేపు గొంతు కదిలి, ఏదో బరువైనది పడింది. డాక్టరుగారు గ్లవ్స్ వేళ్లతో విప్పి చూపించారు. పసుపు బాతు బొమ్మున్న మేజోడు. మా అమ్మాయిది. మూడు వారాలుగా దానికోసం వాషింగ్ మెషీన్ని అనుమానిస్తున్నాం. ఒకసారి మెషీన్ వెనక గొట్టం కూడా ఊడదీసి చూశాను.

ఇద్దరికీ రక్తపరీక్షలు చేశారు. బాగానే ఉన్నాయి. తెల్లారి ఇంటికొచ్చాక నేను వంటింటి అరలన్నిటికీ గొళ్లాలు బిగిస్తుంటే, టైగర్ పక్కనే కూర్చుని ఒక్కో గొళ్లాన్నీ శ్రద్ధగా పరిశీలించాడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు.

నిన్న కొత్త దిండు పార్శిల్లో వచ్చింది. అట్టపెట్టె ఇంకా విప్పలేదు. బల్ల మీద పెట్టి, మా ఆవిడ మామూలుగానే, “ఈసారి దీని జోలికొస్తే చెప్తా” అంది, ఎవరితో అన్నట్టూ కాదు. అంతే. టైగర్ చెవులు వెనక్కి పోయాయి, తోక లోపలికి పోయింది. ఓరగా మా అందరి వంకా ఒకసారి చూసి, వెళ్లి మంచం కింద ముందు సగం దాచుకున్నాడు. దిండు ఇంకా పెట్టెలోనే ఉంది.

మేమంతా వాణ్ని బుజ్జగించి బయటికి లాగుతుంటే, బల్ల మీంచి వేలాడుతున్న పార్శిల్ టేపు పట్టుకుని బుజ్జి నెమ్మదిగా లాగడం మొదలుపెట్టింది.