క్లాసులో పిల్లాడు కంటున్నది పగటికల కాదు

తెలుగులో రాజకీయ వార్తలు చదివేవారికి పగటికల అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ప్రతిపక్షం అధికారంలోకి వస్తామంటే పగటికల, అధికారపక్షం మళ్లీ గెలుస్తామంటే అదీ పగటికలే. జరగనిదాన్ని జరుగుతుందనుకుని మురిసిపోయేవాళ్ల మీద విసరడానికి ఈ మాట బాగానే పనికొస్తుంది. చిక్కల్లా ఇంగ్లిష్‌లో 'డే డ్రీమింగ్' అని కనిపించిన ప్రతిచోటా దీన్నే తెచ్చి అతికించడంతో వస్తోంది.

బెంగళూరు తెలుగు ఇళ్లలో ఈ అతుకు పిల్లల నెత్తికి చుట్టుకుంటోంది. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క అంటుంది: పిల్లాడు క్లాసులో 'డే డ్రీమింగ్' చేస్తున్నాడు. రాత్రికి ఫోన్లో ఊళ్లో ఉన్న అమ్మమ్మకు అది 'వీడు క్లాసులో పగటికలలు కంటున్నాడటమ్మా' అని చేరుతుంది. టీచర్ చెప్పింది వాడి ధ్యాస గురించి, అమ్మమ్మకు వినపడింది వాడి బుద్ధి గురించి. ఇక తిట్లు మొదలు. 'పరధ్యానంగా ఉంటున్నాడట' అని ఉంటే సరిపోయేది. అప్పుడు అమ్మమ్మ అడిగే ప్రశ్న కూడా మారేది: రాత్రి సరిగ్గా పడుకుంటున్నాడా, లేదా?

ఈ మాటల తేడా తెలుగులో క్రియ దగ్గరే తేలిపోతుంది. పగటికల కంటారు, గాలిమేడ కడతారు, ఊహల్లో తేలతారు, పరధ్యానంలో పడతారు. కనడంలో, కట్టడంలో మనిషి పూనిక ఉంది కాబట్టి తప్పు పట్టొచ్చు. పడాలని ఎవరూ పూనుకుని పడరు. తేలడంలో సుఖం ఉంది, నింద లేదు. కొత్తగా పెళ్లి కుదిరిన పిల్ల ఊహల్లో తేలుతోందంటే ఎవరూ నొచ్చుకోరు. అదే పిల్ల పగటికలలు కంటోందంటే సంబంధం తప్పిపోయేలా ఉందనే అర్థం.

గాలిమేడ కొలత 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెతలోనే ఉంది. పేరు పెట్టడానికి ముందు జరగాల్సినవి రెండు: పెళ్లి, కడుపు. రెండూ లేవు. మధ్య మెట్లు వదిలేసి పై మెట్టు మీద కూర్చోవడమే గాలిమేడ. స్థలం రిజిస్ట్రేషన్ కాకముందే పూజగది ఏ మూలనో గొడవపడే దంపతులకు ఇంతకన్నా సరైన మాట దొరకదు. పరాకు సంగతి వేరు, దానికి నష్టం జరగాలి. 'ఏదో పరాకులో ఉండి పాలు పొంగబెట్టాను' అంటాం. పాలు పొంగకపోతే ఆ మాటే రాదు. కచేరీలకు వెళ్లే బెంగళూరు, చెన్నై శ్రోతలు ఈ మాటను త్యాగరాజు తెలుగులో ఇప్పటికీ వింటున్నారు: నా మీద పరాకెందుకయ్యా అని దేవుణ్ణే నిలదీయడం. మనోరాజ్యం, అంటే మనసులోనే రాజ్యాలు ఏలుకోవడం, వేదాంతుల మాట. 14వ శతాబ్దపు విద్యారణ్యులు పంచదశి అనే వేదాంత గ్రంథంలో దానికి మందు కూడా రాశారు: ఏకాంతంలో కూర్చుని దీర్ఘంగా ప్రణవం (ఓంకారం) పలకడం. పగటికలకు ఇలా ఎవరూ మందు రాయలేదు, ఎగతాళి చేసి వదిలేశారు.

ఇన్ని ఉండగా వార్తల్లో ఒక్క మాటే తిరిగితే ఏమవుతుందో చూడండి. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో పలకరించారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు అదే పని మీద ఉందా అని అడిగారు. 46.9 శాతం సార్లు మనసు వేరేచోట ఉంది. దీన్ని 'మనిషి సగం జీవితం పగటికలల్లోనే' అని రాస్తే అబద్ధమవుతుంది. వాళ్లు కోటలేమీ కట్టడం లేదు. అందులో కరెంటు బిల్లు ఉంది, నిన్నటి గొడవ ఉంది. ఆ 46.9 శాతం ధ్యాస తప్పడమే.

ఈ మాటల్ని కలిపేయకూడదనడానికి అన్నిటికన్నా గట్టి కారణం వైద్యంలో ఉంది. మూర్ఛలో 'ఆబ్సెన్స్' అనే రకం ఉంది. ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల పిల్లల్లో మొదలవుతుంది. పిల్లాడు కింద పడడు, నురగ రాదు. మాట మధ్యలో ఆగి, పది సెకన్ల పాటు శూన్యంలోకి చూస్తాడు, కనురెప్పలు అదరొచ్చు. తర్వాత ఏమీ జరగనట్టు పనిలో పడతాడు. ఆగిన సంగతి వాడికే తెలియదు. రోజుకు పదుల సార్లు రావచ్చు. పరధ్యానంలో ఉన్న పిల్లాడు భుజం తడితే ఉలిక్కిపడి ఈ లోకంలోకి వస్తాడు. ఈ మూర్ఛ వచ్చినవాడు తట్టినా రాడు. డాక్టర్ తన ఎదుటే పిల్లాడితో మూడు నిమిషాలు గబగబా ఊపిరి తీయించి, మెదడు విద్యుత్ అలలను చూపే ఈఈజీ పరీక్షలో సెకనుకు మూడు చొప్పున వచ్చే అలలు చూసి తేలుస్తారు. ఇంట్లో 'పగటికలలు' అని ముద్ర పడిన పిల్లాడికి తిట్లు అందుతాయి తప్ప డాక్టర్ దగ్గరికి దారి దొరకదు. 'పిలిస్తే పలకడం లేదు, తట్టినా చూడటం లేదు' అని ఉన్నదున్నట్టు చెప్పే అమ్మమ్మ ఎవరైనా ఉంటే ఆవిడే ఇక్కడ మేలు.

మాటల అర్థం వాడుకే తేలుస్తుంది, పగటికల కూడా రేపు మంచి మాటవుతుందేమో అనేవాళ్లున్నారు. కావొచ్చు. కన్నడంలో హగలుగనసు, తమిళంలో పగల్ కనవు అచ్చంగా ఇదే అల్లిక, అక్కడా ఎక్కువగా ఎగతాళే నడుస్తోంది. మూడు భాషల వాడుకా మారేదాకా పిల్లాడు తిట్లు తింటూ కూర్చోవాలా?

తప్పు అమ్మమ్మది కాదు, అనువాదకులకు ఇచ్చే మాటల పట్టికది. బెంగళూరు ఆఫీసుల్లో యాప్‌లు, పాఠాలు, ఆరోగ్య సమాచారం తెలుగు చేసేచోట ఎడమ గడిలో ఇంగ్లిష్ మాట, కుడి గడిలో తెలుగు మాట. ఒకసారి ఆమోదం పడితే కుడి గడికి తాళం. అనువాదకుడు ఒకచోట 'పరధ్యానం', మరోచోట 'ఊహల్లో తేలడం' రాస్తే, తనిఖీ సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీసి 'పొంతన లేదు' అంటుంది. మాట బాగా తెలిసినవాడికే ఎక్కువ ఎర్రగీతలు, మార్కుల్లో కోత. నెల తిరక్కుండా వాడూ పగటికలలే రాస్తాడు. డే డ్రీమింగ్ ఒక్కటే కాదు, 'మిస్' అన్న మాటకూ ఇదే గతి: బస్సు మిస్సయినా, అమ్మ మీద బెంగ పెట్టుకున్నా ఒకే గడి. దీనికి కమిటీలు అక్కర్లేదు. పట్టికలో 'ఎవరి గురించి, ఏ క్రియతో' అని మూడో గడి పెట్టి, కుడి గడి తాళం తీసేస్తే చాలు.