తొలి మంచు వీరులకు జేజేలు

కొండ మీద జానెడు మంచు పడిందని తెలియగానే, స్కీ రిసార్టుల్లో జనాన్ని పైకి చేర్చే లిఫ్టులు తిరగకముందే స్కీలు భుజాన వేసుకుని బయల్దేరేవాళ్లను చూసి లోకం తల పట్టుకుంటోంది. ఇది అన్యాయం. వాళ్ల వెనక పటిష్ఠమైన సిద్ధాంతం ఉంది: మంచు తక్కువ, కాబట్టి మంచుచరియలు విరిగిపడే భయమూ తక్కువే. ఇంత సులువైన లెక్క నిపుణులకు ఎందుకు తట్టలేదో!

నిపుణులది మరో వాదన. అడుగున నేల కాస్త వెచ్చగా, పైన గాలి గడ్డకట్టించేలా ఉంటే, మధ్యలోని పలచటి మంచులో ఆవిరి పైకి కదులుతుంది. దాంతో అడుగు పొర పంచదారలా పొడిపొడిగా మారిపోతుంది. ఆ పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఆ తర్వాత కురిసిందీ, గాలి మోసుకొచ్చిందీ కలిసి దానిమీద పలకగా బిగుస్తుంది. ఆ పలక విరిగి జారితే అదే మంచుచరియ. మంచు ఎంత పలచనైతే ఈ పని అంత చురుగ్గా సాగుతుందట. ఎండ మొహం చూడని వాలుల్లో మరీను. మిగతా చోట్ల తొలి మంచు కరిగిపోతుంది కనుక మన వీరులు వెళ్లేదీ అక్కడికే.

అడుగు వేయగానే ఒక్కోసారి లోపల్నుంచి ధబ్‌మని శబ్దం వస్తుంది. బలహీనమైన పొర కూలిందని దాని అర్థం. వీరుడు మాత్రం కొండ తనకు స్వాగతం పలికిందనుకుంటాడు.

పలకలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్కీయింగ్‌లో మజా కూడా ఆ వాలులోనే. ఇది ముమ్మాటికీ కొండల కుట్ర, దీనిపై విచారణ కమిటీ వేయాల్సిందే. కాకపోతే ఆ కమిటీ ముందు ఒక ఇబ్బందికరమైన సాక్ష్యం ఉంటుంది: చరియల్లో చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది విషయంలో ఆ పలకను విరిచింది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో.

హెచ్చరిక బులెటిన్ల సంగతీ చూద్దాం. ప్రమాద స్థాయి ఐదుకి మూడు అంటే సగటే కదా అని వీరుడి ధీమా. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ మూడులోనే. బులెటిన్ ఇంకా మొదలే కాలేదా? మరీ మంచిది, ప్రమాదమూ మొదలు కానట్టే! మూసి ఉన్న రిసార్టు వాలు అయితే ఇంకా నిశ్చింత. సీజన్‌లో అక్కడ సిబ్బంది బాంబులు పేల్చి ప్రమాదకరమైన మంచును ముందే దించేస్తారు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లెవరూ లేరు కాబట్టి వీరుడే ఉచితంగా చేసిపెడతాడు.

వచ్చే చరియ చిన్నదే కావచ్చు. జానెడు మంచు కింద రాళ్లూ మొద్దులూ ఉంటాయి గనుక వాటి మీదుగా ఈడ్చుకెళ్లడానికి అదే ఎక్కువ.

ఇక సామగ్రి. మంచులో పూడిపోతే జాడ తెలిసేలా 457 కిలోహెర్ట్జ్‌లో సిగ్నల్ పంపే బీకన్ ఉంది, పోయిన సీజన్ బ్యాటరీలతో, అల్మారాలో. మంచులో గుచ్చి మనిషిని వెతికే ప్రోబ్ కర్ర, పార కూడా అక్కడే. పూడిపోయినవాళ్లను 10, 15 నిమిషాల్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు, ఆ తర్వాత అవకాశం వేగంగా పడిపోతుంది. రెస్క్యూ టీమ్‌కు ఫోన్ చేసి, వాళ్లు చేరేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అందుకే పక్కనే పారతో ఒక మనిషి ఉండాలంటారు. వీరుడు ఒంటరిగా వెళ్తాడు. పార ఎందుకు తీసుకెళ్లలేదని అడిగితే, తనను తాను తవ్వుకోలేను కదా అంటాడు. ఈ ఒక్క విషయంలో అతని తర్కానికి వంక పెట్టలేం.