చేలో చెవులపిల్లిని ఎత్తుకొచ్చి బన్నీ అంటారేంటండీ!

ఇప్పుడే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. గుంటూరు అవతల మిరపచేలో కుందేలు పిల్ల "దొరికిందట". అట్టపెట్టె, తువ్వాలు, సీసాలో ఆవుపాలు. కింద వరసగా "సో క్యూట్", "తల్లి వదిలేసింది పాపం", "బన్నీ అని పెట్టండి". ఒళ్లు మండిపోయింది.

అది దొరకలేదు, మీరు ఎత్తుకొచ్చారు. చెవులపిల్లి అంటే చేలల్లో తిరిగే అడవి కుందేలు, అది బొరియ తవ్వదు. గడ్డిలో చిన్న పల్లం చేసుకుని పడుకుంటుంది. పిల్ల పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు, కళ్లు తెరుచుకునే ఉంటాయి. తల్లి పగలంతా దూరంగా ఉండి, చీకటిపడ్డాక వచ్చి కాసేపు పాలిచ్చి పోతుంది. పక్కనే తిరిగితే నక్కో కుక్కో పసిగడుతుందని దాని జాగ్రత్త అది. ఒంటరిగా, కదలకుండా కూర్చున్న పిల్ల బాగున్నట్టే లెక్క. దెబ్బ తగలకపోతే, ఎత్తిన చోటే ఈ సాయంత్రంలోగా దించేయండి. మనిషి వాసన తగిలితే తల్లి రానివ్వదన్నది ఉత్త అపోహ. ఆవుపాలు పడితే మాత్రం విరేచనాలు పట్టుకుని పోయే ప్రమాదముంది.

షాపు కుందేలు వేరే జాతి. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపువి. చెవులపిల్లికి 48 క్రోమోజోములు, షాపు కుందేలుకి 44. ఫారాల వాళ్లు కిట్స్ అనే దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. సుమారు పది రోజులకి కళ్లు తెరుస్తాయి. ఈనే ముందు తల్లి తన పొట్ట బొచ్చే పీకి గూట్లో పరుస్తుంది. ఇంత తేడా ఉంటే రెండిటినీ "కుందేలే కదా" అని ఒకే గాటన కట్టేస్తారు! పైగా చెవులపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకొస్తుంది, ఇంట్లో పెంచకూడదు.

అసలు ఈ బన్నీ పిచ్చి అంటించింది బెజవాడలో పుట్టినరోజు గిఫ్టుల కోసం కుందేలు పిల్లల్ని అమ్మే షాపులవాళ్లే. పాలు మరవని నాలుగు వారాల పిల్లని చేతిలో పెట్టి "మినీ రాబిట్, ఇంతే ఉంటుంది" అంటారు. అది న్యూజిలాండ్ వైట్ అనే పెద్ద రకం పిల్ల అయితే నాలుగైదు కిలోలకి పెరుగుతుంది! కనీసం ఆరు వారాలు, వీలైతే ఎనిమిది, తల్లి దగ్గరే ఉండాలి. ఇక కొన్నవాళ్లు క్యారెట్లు, బిస్కెట్లు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగాలంటే రోజంతా గడ్డి నమలాల్సిందే. మేతలో ముప్పాతికకి పైగా ఎండుగడ్డి, గరికే ఉండాలి. పూటంతా మేత ముట్టలేదంటే పేగులు ఆగిపోతున్నట్టు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

చెవులు పట్టుకుని ఎత్తేవాళ్లని చూస్తే చెయ్యి లాగెయ్యాలనిపిస్తుంది. ఆ చెవుల్నిండా రక్తనాళాలు, ఒంట్లో వేడి బయటికి పోయేది ఎక్కువగా అక్కణ్ణుంచే. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తండి. ముప్పై డిగ్రీలు దాటితేనే అల్లాడే జంతువుని బెజవాడ మే నెలలో రేకుల కింద బోనులో పెడుతున్నారు. నీడలోకి మార్చండి, గడ్డకట్టించిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, చెవులకి తడిచెయ్యి రాయండి.